కొత్త పియానో ఇంటికొచ్చాక ట్యూనింగ్ ఎప్పుడు చేయించాలి?

పియానో ఇంట్లో దిగిన రోజే ట్యూనర్‌ను పిలవకండి. రెండు మూడు వారాలు ఆగండి. అలాగని "పాప ఇంకా స్కేల్సే కదా వాయిస్తోంది, తర్వాత చూద్దాంలే" అని ఆరు నెలలో ఏడాదో గడిపేయకండి. ఈ రెండు తప్పులూ మన కర్నూలు, అనంతపురం, కడప వైపు బాగా జరుగుతున్నాయి, ఎందుకంటే ఇక్కడ పియానో కొన్నవాళ్లను అడిగి తెలుసుకుందామంటే వీధికి ఒకరు లేరు, అమ్మినవాళ్లు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉంటారు, వాళ్లు చెప్పే మాటలు అక్కడి గాలికి సరిపోతాయి గానీ మన ఎండలకు సరిపోవు.

ఒక మాట ముందే చెప్పేస్తాను. మీరు కొన్నది డిజిటల్ పియానో అయితే దాంట్లో తీగలే ఉండవు, ట్యూనింగ్ అక్కర్లేదు, హాయిగా వాయించుకోండి. ఇదంతా చెక్క, తీగలు, సుత్తులు ఉన్న అసలు పియానో సంగతి.

చాలామంది డీలర్లు ధరలోనే ఒక ట్యూనింగ్ కలిపి ఇస్తారు. ఉచితం కదా అని మనవాళ్లు డెలివరీ రోజే, లేదంటే ఆ వారంలోనే అది చేయించేసుకుంటారు. లారీ దిగిన మర్నాడు ట్యూనర్ వచ్చి చక్కగా చేసి వెళ్తాడు, రెండు రోజులు అద్భుతంగా ఉంటుంది, నెల తిరిగేసరికి మధ్యలో స్వరాలు వణకడం మొదలవుతుంది. అప్పుడు "ట్యూనర్ సరిగ్గా చేయలేదు" అని ఆయన్ను తిట్టుకుంటారు. పాపం ఆయన పని ఆయన బాగానే చేశాడు, పియానోనే ఇంకా కుదురుకోలేదు. కాబట్టి కొనేటప్పుడే షోరూంలో గట్టిగా అడగండి, "ఆ ఫ్రీ ట్యూనింగ్ మాకు మూడు వారాల తర్వాత కావాలి, బిల్లు మీద రాసివ్వండి" అని. ట్యూనర్ ప్రయాణ ఖర్చు ఎవరిదో కూడా అదే కాగితం మీద రాయించుకోండి. అనంతపురం నుంచి బెంగళూరైనా, కర్నూలు నుంచి హైదరాబాదైనా 200 కిలోమీటర్ల పైమాటే, ఆ ఖర్చు గురించి తర్వాత గొడవ పడే బదులు ముందే తేల్చుకోవడం మేలు.

ఇంతకీ ఎందుకు ఆగాలి? లారీలో కుదుపులకు శ్రుతి పోతుందని అందరూ అనుకుంటారు. కొంచెం పోతే పోవచ్చు, కానీ అసలు కారణం అది కాదు. పియానోను మార్చేది గాలిలోని తేమ. లోపల 220కి పైగా తీగలుంటాయి, ఒక్కో తీగ దాదాపు 70 కిలోల బరువు వేలాడదీసినంత బిగువుతో ఉంటుంది, అన్నీ కలిపితే 16 నుంచి 20 టన్నుల దాకా వస్తుంది. అంత బిగువునూ మోసేది పోత ఇనుప ఫ్రేము. ఇనుము తేమకు ఉబ్బదు, ముడుచుకోదు. కానీ తీగల కింద (నిలువు పియానోలో అయితే తీగల వెనక) స్ప్రూస్ చెక్కతో చేసిన సౌండ్‌బోర్డు ఉంటుంది, సెంటీమీటరు మందం కూడా ఉండదు, మధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. తీగల అదురు బ్రిడ్జి (తీగలు ఆనుకునే చెక్క పట్టీ) మీదుగా దానికి చేరితేనే మనకు వినిపించే నాదం. వానాకాలంలో మన ఇంటి తలుపులు బిగుసుకుపోయి, ఎండాకాలంలో సందులు ఇస్తాయి చూడండి, సౌండ్‌బోర్డూ అంతే. తేమ ఎక్కితే ఉబ్బి తీగల్ని పైకి తోస్తుంది, శ్రుతి పెరుగుతుంది. గాలి ఎండిపోతే ముడుచుకుని కిందికి దిగుతుంది, శ్రుతి తగ్గుతుంది.

అన్ని స్వరాలూ ఒకేలా పెరిగి ఒకేలా తగ్గితే పెద్ద ఇబ్బంది ఉండేది కాదు. మధ్య భాగంలోని స్వరాలు ఎక్కువగా కదులుతాయి, అటు చివర ఇటు చివర తక్కువ. అందుకే పియానో తనతో తానే పొసగకుండా పోతుంది, కుడిచెయ్యి ఒక మాట, ఎడమచెయ్యి ఒక మాట అన్నట్టు వినిపిస్తుంది. అదీగాక కొత్త తీగలు సాగుతాయి, మొదటి ఒకటి రెండేళ్లు ఈ సాగడం ఉంటూనే ఉంటుంది.

ఇప్పుడు మీ పియానో ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించండి. చెన్నై షోరూంలో సముద్రపు తేమ గాలికి అలవాటుపడిన పియానో ఏప్రిల్‌లో అనంతపురం వచ్చిందనుకోండి. దేశంలోనే బాగా తక్కువ వానలు పడే జిల్లాల్లో మనది ఒకటి, ఏప్రిల్ మే మధ్యాహ్నాల్లో గాలిలో తేమ 30 శాతం కిందికి పడిపోతుంది. ఆ చెక్క కొత్త గాలికి తగ్గట్టు ఎండి, ఒక స్థితికి రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోగా ట్యూన్ చేయిస్తే, ఇంకా కదులుతున్న దాన్ని కొలిచినట్టే. షోరూంలో బాగానే మోగిందే అంటారా, ఆ ట్యూనింగ్ ఆ షోరూం గాలికి చేసింది.

ఈ మూడు వారాలు పియానో మూసిపెట్టాల్సిన పనేమీ లేదు. వాయించండి. పిల్లల్ని కూర్చోబెట్టండి. కొంచెం అపశ్రుతి ఉన్నా ఈ కొద్ది రోజులకు ఏమీ కాదు. కానీ ఈ సమయంలో చేయాల్సిన ముఖ్యమైన పని ఒకటుంది, అది పియానో చోటు ఖాయం చేయడం.

దించేవాళ్లు "యాడ పెట్టల్ల సార్?" అని అడిగినప్పుడు తడుముకోకుండా చెప్పగలిగేలా ముందే చోటు చూసిపెట్టుకోండి. ట్యూనింగ్ అయ్యాక "ఆ మూలకు జరుపుదాం" అంటే మళ్లీ మొదటికొస్తుంది. అప్‌రైట్ పియానోకు, అంటే నిలువుగా నిలబడేదానికి, సౌండ్‌బోర్డు వెనకవైపు, అంటే గోడవైపు ఉంటుంది, కాబట్టి వెనక ఏ గోడ ఉందన్నది చాలా ముఖ్యం. పడమటి ఎండ సాయంత్రం దాకా కొట్టే గోడ వద్దు, ఆ గోడ రాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. ఇంటి లోపలి గోడ మంచిది. గోడకు నాలుగైదు అంగుళాలు ఎడం ఉంచండి.

ఇక కూలర్. రాయలసీమలో పియానోకు అన్నిటికంటే పెద్ద శత్రువు ఎండ కాదు, కూలరే అని నేను గట్టిగా నమ్ముతాను. ఎండకు చెక్క ఎండుతుంది, నిజమే, కానీ మెల్లగా ఎండుతుంది, ఒక స్థితికి వచ్చి ఆగుతుంది. కూలర్ అలా కాదు, తలుపులు మూసిన గదిలో నీళ్ల కూలర్ నడిస్తే తేమ ఒక్కసారిగా 70 శాతం దాటిపోతుంది, కరెంటు పోయినా, ట్యాంకులో నీళ్లు అయిపోయినా మళ్లీ కిందికి పడిపోతుంది, రోజూ ఇదే తంతు. ఆ ఎక్కడం దిగడం మీద ఏ ట్యూనింగూ నిలవదు. తీగలు, వాటిని చుట్టి బిగించే పిన్నులు తుప్పు కూడా పడతాయి. కూలర్ ఉన్న గదిలో పియానో పెట్టకండి, తప్పకపోతే కనీసం దాని గాలి నేరుగా తగలకుండా చూడండి. ఏసీ ఉన్న గదైనా అంతే, రాత్రి ఎనిమిది గంటలు ఏసీ వేసి పగలంతా 40 డిగ్రీల్లో వదిలేసే పడకగది కంటే, ఏసీ లేని లోపలి హాలే పియానోకు నయం.

మన ఇళ్లల్లో కడప బండలో బేతంచర్ల బండలో పరిచి ఉంటాయి, పండగలకు బకెట్లతో నీళ్లు పోసి కడగడం అలవాటు. పియానో ఉన్న వైపు పోసి కడగొద్దు, గట్టిగా పిండిన గుడ్డతో తుడవండి చాలు. పాత బండల నేల ఎగుడుదిగుడుగా ఉంటే నాలుగు కాళ్లూ సమంగా ఆనేలా చూసుకోండి, చక్రాల కింద కప్పులు పెట్టండి. 200 కిలోల పైన బరువు, మెలితిరిగి నిలబడితే దాని ప్రభావం శ్రుతి మీద కూడా పడుతుంది.

తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటరు ఒకటి కొనండి. దాన్ని హైగ్రోమీటర్ అంటారు, కొన్ని వందల రూపాయలకే ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. పియానో మీద పెట్టి ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి అంకె చూసి రాసుకోండి. 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే పియానోకు హాయి. మన దగ్గర ఏడాదంతా అలా ఉండదు, ఉండాలని టెన్షన్ పడకండి కూడా, అంకె కంటే అది ఎంత నిలకడగా ఉందన్నదే ముఖ్యం. వారం రోజులుగా అంకెలు పెద్దగా ఊగకుండా ఉన్నాయంటే, పియానో వచ్చి మూడు వారాలు అయిందంటే, ఇక ట్యూనర్‌కు ఫోన్ చేయొచ్చు.

ఫోన్ చేసే ముందు పియానో శ్రుతి ఎక్కడుందో మీరే చూసుకోవచ్చు. ఫోన్‌లో ఏదైనా ట్యూనర్ యాప్ వేసుకోండి. మధ్య సి (C) కి పైనున్న 'ఏ' (A) మీట నొక్కండి, అది 440 హెర్ట్జ్ చూపాలి, ప్రపంచమంతా వాద్యాలు ఎక్కువగా కలిసేది ఆ అంకె దగ్గరే, 1975లో ఐఎస్‌ఓ ప్రమాణం కూడా అదే ఖాయం చేసింది. మీ పియానో 438, 439 చూపితే మామూలు ట్యూనింగ్‌తో సరిపోతుంది. 435 చూపితే దాదాపు 20 సెంట్లు తగ్గినట్టు (పక్కపక్క స్వరాల మధ్య దూరాన్ని 100 సెంట్లుగా లెక్కేస్తారు), అప్పుడు పని పెద్దది, ఆ సంగతి ట్యూనర్‌కు ఫోన్‌లోనే చెప్పండి, ఆ లెక్కన టైము పెట్టుకుని వస్తాడు.

యాప్ కంటే చెవితో చేసే పరీక్ష ఇంకా బాగుంటుంది. మధ్య భాగంలో ఒక్కో మీటను మెల్లగా నొక్కి, అలాగే పట్టుకుని వినండి. అక్కడ ఒక్కో స్వరానికి మూడేసి తీగలుంటాయి, సుత్తి మూడింటినీ ఒకేసారి కొడుతుంది. మూడూ కలిసి ఉంటే నాదం నిటారుగా, ఒకే గీతలా సాగుతుంది. కలవకపోతే "వా... వా... వా..." అని ఊగుతుంది. ఆ ఊపు ఎంత వేగంగా ఉంటే తీగల మధ్య తేడా అంత ఎక్కువ. పిల్లలకు కూడా ఇది వినడం నేర్పండి, నిజంగా చాలా పనికొచ్చే విద్య.

ట్యూనింగ్ రోజు ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలి. ఫ్యాన్, టీవీ, మిక్సీ, ప్రెషర్ కుక్కర్ అన్నీ ఆపేయండి. మామూలు ట్యూనింగ్‌కు గంట, గంటన్నర పడుతుంది. ట్యూనర్ ముందు పలకలు విప్పి, పొడవాటి ఫెల్ట్ పట్టీని తీగల మధ్య దూర్చుకుంటూ పోతాడు, దాంతో ప్రతి మూడింటిలో మధ్య తీగ ఒక్కటే మోగుతుంది. ముందు మధ్య తీగలన్నిటినీ సరిచేసి, తర్వాత పట్టీ తీసి, పక్క తీగల్ని ఒక్కొక్కటిగా దానికి కలుపుతాడు. దగ్గర కూర్చుని చూడండి (మాట్లాడకుండా), లివర్‌ను (పిన్నులు తిప్పే పనిముట్టు) పిన్ను మీద పెట్టి ఆయన తిప్పేది ఎంతో ఉండదు, మణికట్టు కదిలిందా లేదా అన్నట్టు ఉంటుంది, అంతలోనే ఊగుతున్న నాదం ఒక్కసారిగా నిలబడుతుంది. ఆ తర్వాత మీటను గట్టిగా రెండు మూడుసార్లు కొట్టి చూస్తాడు. పియానో పాడైపోతుందని కంగారు పడొద్దు, తీగ అక్కడే నిలుస్తుందో లేదో తెలియాలంటే అలాగే కొట్టాలి.

పియానో శ్రుతి బాగా దిగిపోయి ఉంటే ఒకే విడతలో పని అవదు. ఒక వైపు తీగలు బిగించేకొద్దీ సౌండ్‌బోర్డు మీద ఒత్తిడి పెరిగి, అప్పటికే సరిచేసినవి మళ్లీ కొంచెం దిగుతాయి. అందుకే మొదట అన్నిటినీ గబగబా పైకి లాగి, తర్వాత రెండో విడతలో సన్నగా సరిచేస్తారు, దీన్ని పిచ్ రైజ్ అంటారు. దానికి అదనంగా డబ్బులు అడిగితే అది న్యాయమే. పిచ్ రైజ్ చేయించిన పియానోకు నాలుగైదు వారాల్లో మళ్లీ ఒకసారి ట్యూనింగ్ కావాల్సి వస్తుంది, ఇది కూడా ముందే అడిగి ఉంచుకోండి. కొందరు ట్యూనర్లు శ్రమ తగ్గించుకోవడానికి పియానో ఎక్కడుంటే అక్కడే, 435 దగ్గరే, తనలో తాను కలిసేలా చేసి వెళ్లిపోతారు. ఒంటరిగా వాయిస్తే తెలియదు గానీ చర్చిలో కీబోర్డుతోనో, ఫ్లూట్‌తోనో కలిపి వాయించబోతే పొసగదు. "440కి తెస్తున్నారు కదండీ?" అని మొహమాటం లేకుండా అడగండి.

మొదటి ఏడాది నాలుగుసార్లు ట్యూనింగ్ చేయించాలి. ఇది అందరికీ ఎక్కువ అనిపిస్తుంది, నాకు తెలుసు, పియానోకే లక్షలు పోశాం మళ్లీ ఇదేంటని ఇంట్లో అంటారు. కానీ తీగలు సాగేది, చెక్క సర్దుకునేది ఎక్కువగా మొదటి ఏడాదే, అప్పుడు 440 దగ్గర పట్టి ఉంచితే తర్వాత ఏడాదికి రెండుసార్లతో సరిపోతుంది. మొదటి ఏడాది వదిలేసిన పియానోను మూడో ఏట పైకి లాగడానికి అయ్యే శ్రమ, ఖర్చు చాలా ఎక్కువ, పైగా తెగే తీగలు తెగుతాయి.

ఈ నాలుగూ క్యాలెండర్ చూసి మూడేసి నెలలకు పెట్టుకోమని చాలాచోట్ల చెబుతారు. మన వైపు నేనైతే గాలిని చూసి పెట్టుకోమంటాను. పియానో జనవరిలో వచ్చిందనుకోండి, మొదటిది ఫిబ్రవరిలో చేయించండి, గాలి మధ్యస్థంగా ఉండే మంచి కాలం అది. రెండోది ఏప్రిల్ చివర్లో, ఎండలు ముదిరి పియానో శ్రుతి దిగాక. మూడోది ఆగస్టులో, నైరుతి గాలులు వచ్చి రెండు నెలలు దాటి చెక్క ఆ తేమకు అలవాటుపడ్డాక. నాలుగోది డిసెంబర్ చివర్లో. కడప వాళ్లకు ఈశాన్య వానలు కూడా గట్టిగానే తగులుతాయి కాబట్టి నాలుగోదాన్ని జనవరికి జరుపుకున్నా నష్టం లేదు. పియానో మే నెల మధ్యలో వచ్చిందంటే మాత్రం మూడు వారాల లెక్క పక్కన పెట్టండి. సరిగ్గా ట్యూనర్ వచ్చే వేళకు వాతావరణం తిరగబడుతుంది, అలాంటప్పుడు జూన్ చివరి దాకా ఓపిక పట్టి, తొలకరి అయ్యాక చేయించడమే తెలివైన పని. రెండో ఏడాది నుంచి ఆగస్టులో ఒకటి, జనవరి చివర్లో ఒకటి సరిపోతుంది, ప్రతి ఏడాదీ అదే నెలల్లో చేయిస్తే పియానో ఎక్కువ కదలకుండా ఉంటుంది. పిల్లలకు గ్రేడ్ పరీక్షలో, క్రిస్మస్ ప్రోగ్రామో ఉంటే దానికి వారం ముందు పడేలా ఒక ట్యూనింగ్‌ను అటూ ఇటూ జరుపుకోండి.

ట్యూనర్ ప్రయాణ ఖర్చు తగ్గాలంటే ఊళ్లో పియానో ఉన్న ఇంకో ఇంటిని, స్కూలును, చర్చిని కలుపుకుని ఒకే రోజు పిలిపించండి. నంద్యాల, కర్నూలు వాళ్లు ఒక జట్టుగా, అనంతపురం, ధర్మవరం వాళ్లు ఒక జట్టుగా మాట్లాడుకుంటే ట్యూనర్‌కూ గిట్టుబాటవుతుంది, అడగ్గానే వస్తాడు కూడా. డబ్బు మిగులుతుందని హార్మోనియం బాగుచేసే ఆయన్ను మాత్రం పిలవకండి. ఆయన పనిమీద నాకు ఎంతో గౌరవం ఉంది, కానీ హార్మోనియంలో మోగేది లోహపు రీడ్లు, అక్కడ పిన్నులు లేవు, తీగల బిగువు లేదు, అది వేరే విద్య. కటింగ్ ప్లేయర్‌తో పిన్ను తిప్పే ప్రయత్నం ఎవర్నీ చేయనివ్వకండి, పిన్ను అంచులు అరిగిపోయాయంటే తర్వాత లివర్ కూడా పట్టదు.

కొన్ని ఇబ్బందులు ట్యూనింగ్‌తో పోయేవి కావు. మీట నొక్కితే పైకి రాకుండా అతుక్కుంటోందంటే అది తేమకు చెక్కో ఫెల్టో ఉబ్బడం. మీటలు కొన్ని బరువుగా, కొన్ని తేలిగ్గా ఉంటే దానికి రెగ్యులేషన్ (మీటలు, సుత్తుల కదలికను సరిచేయడం) అనే పని వేరే ఉంది, కొత్త పియానోలో ఫెల్టులు అణగడం వల్ల ఏడాది లోపు అది ఒకసారి అవసరమవుతుంది, నాలుగు ట్యూనింగుల్లో ఒకదానితో కలిపి చేయించుకోండి. ఏదో ఒక స్వరానికి మాత్రమే "జుయ్" మని అదురుతోందంటే ముందు పియానో మీద ఉన్న ఫొటో ఫ్రేము తీసి చూడండి, పక్కనున్న బీరువా తలుపు చేత్తో పట్టుకుని చూడండి. చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

సెకండ్ హ్యాండ్ పియానో కొన్నవాళ్లకు లెక్క కొంచెం మారుతుంది. మూడు వారాలు ఆగడం అలాగే ఉంటుంది, కానీ మొదటిసారి వచ్చిన ట్యూనర్‌తో ముందు పిన్నుల బిగువు చూపించండి. తీర ప్రాంతంలో ఏళ్లు గడిపిన పియానో మన పొడిగాలికి వచ్చినప్పుడు పిన్నులు దిగ్గొట్టిన చెక్క, పిన్ బ్లాక్ అంటారు, అది ఎండి పట్టు వదిలే ప్రమాదం ఉంది. పట్టు లేని పిన్ను ట్యూన్ చేసిన వారానికే దిగిపోతుంది. పాత తీగల్ని ఒక్కసారిగా 440కి లాగితే తెగొచ్చు కూడా, అందుకని రెండు మూడు విడతల్లో, కొన్ని వారాల తేడాతో ఎక్కించమని ట్యూనరే సలహా ఇస్తే వినండి. ఈ పరీక్ష కొనకముందే చేయించగలిగితే ఇంకా మంచిది, ట్యూనర్‌కు ఆ ఒక్కరోజు ఫీజు ఇచ్చి వెంట తీసుకెళ్లండి.